రోమువారు ఏ భాష మాట్లాడిరి?

గత శ్రావణమాసములో రెండు శనివారముల సాయంకాలము మన పాఠశాల పెద్దగదిలో 'బెన్-హర్' అను ఆంగ్ల చలనచిత్రమును పిల్లలకు చూపితిమి. ఇది 1959లో విడుదలయినది. దర్శకుడు విలియం వైలర్. పదునొకండు ఆస్కార్ బహుమానములు పొందినది. నిడివి మూడున్నర గంటలు గనుక రెండు భాగములుగా చూపక తప్పలేదు. రథముల పందెము వచ్చినపుడు పిల్లలేకాక, వారిని పిలుచుకొని పోవుటకు వచ్చిన తల్లిదండ్రులు కూడ గుమ్మము దగ్గర నిలబడిపోయిరి.

రెండవ శనివారము చిత్రము ముగియగనే తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, "సార్, రోమువాళ్ళు ఇంగ్లీషే మాట్లాడుతా ఉండిరా?" అని అడిగినది. కొందరు పిల్లలు నవ్విరి. గుమ్మము దగ్గరనున్న ఆ బాలిక తండ్రి మాత్రము నవ్వక, "ఇంకేమి మాట్లాడుతారు పాపా? రాజ్యాలు ఏలినోళ్ళంతా ఇంగ్లీషోళ్ళే గదా. అందుకే నేను చెప్పేది, వచ్చే ఏడు నిన్ను ఇంగ్లీషు మీడియంలో వేస్తానని" అనెను.

మేము ఆనాడు తొందరలో "లాటిను అమ్మా" అని ఒక్కమాటతో సరిపెట్టితిమి. ఇంటికి పోయిన పిమ్మట ఆలోచింపగా అది సగము సమాధానమే యని తోచినది. తప్పు మాదే. ఉపాధ్యాయుడు సగము చెప్పిన పాఠము, చెప్పని పాఠముకంటె ఎక్కువ చెరుపు చేయును. మిగిలిన సగమును ఈ పత్రికాముఖమున చెప్పుచున్నాము. పిల్లలు చదివి పెద్దలకు వినిపింతురు గాక.

మొదట ఆ తండ్రిగారి మాట. బెన్-హర్ కథ నడచినది తిబేరియస్ చక్రవర్తి కాలము, అనగా క్రీస్తుశకము మొదటి శతాబ్దపు తొలిభాగము. ఆనాటికి ఇంగ్లీషుభాష పుట్టనేలేదు. ఆ భాషకు మూలపురుషులైనవారు ఉత్తర జర్మనీ, డెన్మార్కు తీరములయందు తమ జర్మానిక్ మాండలికములను మాట్లాడుకొనుచుండిరి. వారు బ్రిటనుకు వలసపోయినది అయిదవ శతాబ్దమున. అప్పటికి ఆ దీవినుండి రోమను సేనలు వెడలిపోయినవి. కావున తెరమీద రోమనులచేత ఇంగ్లీషు పలికించినది హాలివుడ్డు. హాలివుడ్డువారు తమ ప్రేక్షకుల భాషలో చిత్రము తీసికొనిరి. అందు దోషమేమియు లేదు. దానిని చూచి మనము చరిత్రమని భ్రమించుట మాత్రము దోషమే.

ఇంకొక విశేషము కూడ కలదు. ఈ చిత్రములలో ఇంగ్లీషు సయితము ఒక్కతీరుగ నుండదు. బెన్-హర్‌లోను, 1960లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన 'స్పార్టకస్'లోను రోమను ప్రభువుల వేషములను చాలవరకు బ్రిటిషు ఉచ్చారణ గలవారికిచ్చిరి. వారిచేత పీడింపబడు యూదులు, బానిసలు చాలవరకు అమెరికా యాసలో మాట్లాడుదురు. ప్రభువు భాష యొకటి, పాలితుని భాష యొకటి యని ఒక్క ఇంగ్లీషులోనే రెండు యాసలతో సూచించిరన్నమాట. పాలించువారి నోట నుండు యాస గొప్పదిగా వినబడునను సంగతి మన పావగడ సంతలో తిరిగినవారికి ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక రోమనులు నిజముగా ఏమి మాట్లాడిరి? లాటిను వారి మాతృభాష. సైన్యమునకును, న్యాయశాస్త్రమునకును అదే ఆధారము. కాని సామ్రాజ్యపు తూర్పు సగములో, అనగా గ్రీసు, ఈజిప్టు, సిరియా, యూదయ మొదలగు సీమలలో, వ్యవహారభాష గ్రీకు. లాటినువారు ఆ సీమలను జయించిరి గాని తమ భాషను అచ్చట రుద్దుటకు పూనుకొనలేదు. పైపెచ్చు తామే గ్రీకు నేర్చుకొనిరి. 2000లో వచ్చిన 'గ్లాడియేటర్' చిత్రమున మార్కస్ అరేలియస్ అను వృద్ధ చక్రవర్తి గుడారములో కూర్చుండి వ్రాసికొనుచుండును. ఆయన తన మనస్సునకు తాను చెప్పికొన్న మాటలతో కూడిన ఆ పుస్తకము నేటికిని నిలిచియున్నది. అది లాటినులో లేదు, గ్రీకులో నున్నది! జూలియస్ సీజరు ప్రాణము విడుచునపుడు పలికినట్లు షేక్స్‌పియర్ నాటకమున లాటినుమాట లున్నవి. ప్రాచీన చరిత్రకారుడు సూటోనియస్ మాత్రము, సీజరు అపుడు గ్రీకులో మాట్లాడెనని కొందరు చెప్పుదురని వ్రాసెను. రోమును ఏలినవాడు రోములోనే, చావుబ్రతుకుల సమయమున, పరభాష పలికెనని ఆనాటివారు నమ్మగలిగిరి.

బెన్-హర్ దేశమైన యూదయలో చిక్కు ఇంకను పెద్దది. ఇంటిలో ఆరమెయికు, వేదగ్రంథమునకు హీబ్రూ, అంగడిలోను కచేరీలోను గ్రీకు, సైనికుల శిబిరమున లాటిను. యోహాను సువార్త ప్రకారము క్రీస్తు సిలువపై పిలాతు పెట్టించిన పలకమీద వ్రాత హీబ్రూ, లాటిను, గ్రీకు అను మూడు భాషలలో నుండెను. మన ఊరి మైలురాతిమీద కన్నడమును ఇంగ్లీషును చూచి, ఇంటికి పోయి తెలుగులో మాట్లాడుకొను మనకు ఆ పలకను వేరే వ్యాఖ్యానింప నక్కరలేదు. 2004లో మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్' చిత్రములో ఇంగ్లీషును పూర్తిగా విడిచి, ఆరమెయికును లాటినును పలికించి, అర్థమును తెర అడుగున వ్రాసి చూపిరి. సాహసమే. అయినను పండితులు ఊరకుండలేదు: పిలాతు యూదులతో మాట్లాడునపుడు గ్రీకు రావలసినచోట లాటిను పెట్టినారేమని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ సమంజసమనియే మా తలంపు.

ఇచ్చట ఒక నిజమైన స్త్రీని గూర్చి చెప్పవలెను. ఆమెపై ఏ హాలివుడ్డువారును పెద్ద చిత్రము తీసినట్లు మేమెరుగము, తీయదగినది. ఆమె పేరు బాబథా. మృతసముద్రమునకు దక్షిణమున ఖర్జూరపు తోటలు గల యూదు వితంతువు. క్రీ.శ. 132 ప్రాంతమున యుద్ధము రాగా, ఆమె తన కాగితములన్నింటిని ఒక తోలుసంచిలో కట్టి కొండగుహలో దాచినది. తిరిగి వచ్చి తీసికొనలేకపోయినది. 1961లో యిగాయెల్ యాదిన్ అను పురాతత్త్వవేత్త బృందమునకు ఆ మూట దొరకినది. ముప్పదియైదు పత్రములు. భూమి కొన్నవి, అప్పు ఇచ్చినవి, పెండ్లినాటి ఒడంబడిక, దావా కాగితములు!

ఆ పత్రముల భాష చూడుడు. క్రీ.శ. 106 వరకు ఆ సీమ నబతీయ రాజులది. అందుచేత పాత పత్రములు నబతీయ భాషలో నున్నవి. 106లో రోమనులు ఆ రాజ్యమును కలుపుకొనిరి. అటుపిమ్మటివి చాలవరకు గ్రీకులోనికి మారినవి. ఇల్లు మారలేదు, తోట మారలేదు, ఆమె నోటిలోని మాట మారలేదు. కాగితము భాష మారిపోయినది. ఆమె తన తండ్రిలేని బిడ్డ పోషణకు సంరక్షకులు నెలకు రెండే రెండు దెనారియసు నాణెము లిచ్చుచున్నారని, అవి చాలవని, రోమను గవర్నరునెదుట ఫిర్యాదు చేసినది. ఆ ఫిర్యాదు గ్రీకులో నున్నది. బాబథాకు వ్రాత రాదు; ఆమె పక్షమున మరియొకరు వ్రాసిరి. ఇట్టి గ్రీకు పత్రములలో కొన్నింటి అడుగున చేవ్రాలు చేసినవారు మాత్రము తమ ఆరమెయికులోనో నబతీయములోనో నాలుగు ముక్కలు వ్రాసి పెట్టిరి.

ఈ కథ మేము పదవ తరగతిలో చెప్పినపుడు గదిలో చప్పుడు లేదు. చుట్టు చాలవరకు ఆంధ్రసీమయే యున్న ఈ తాలూకాలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, బ్యాంకులో ఇంగ్లీషు. మన తిరుమణి చుట్టుపట్ల సౌరవిద్యుత్ పార్కుకు వేలకొలది ఎకరములు గుత్తకు పోయినవి. కాగితము చేతబట్టుకొని, "అయ్యవారూ, ఇందులో ఏముందో కొంచెం చదివి చెప్పండి" అని మా యింటికి వచ్చిన ముసలివారిని మేము మరువలేదు. ఆ కాగితము చదువగల కన్నడమును, ఇంగ్లీషును మన పిల్లలు క్షుణ్ణముగా నేర్వవలెననుటలో మాకును ఆ తండ్రిగారికిని భేదము లేదు. భేదమంతయు, అవి నేర్చుటకై తెలుగును వదలుకొనవలెనా యను దానియందే.

బాబథాకు ఎదురుగా ఒక మహారాణిని నిలుపుదము. 1963లో ఎలిజబెత్ టేలర్ నటించిన 'క్లియోపాత్ర' చిత్రము వలన ఆమె అందము, ఆభరణములు లోకమంతట ప్రసిద్ధికెక్కినవి. గ్రీకు చరిత్రకారుడు ప్లుటార్కు ఆమె అందమునకంటె ఆమె నాలుకనే ఎక్కువ మెచ్చుకొనెను. ఆమె పెక్కు జాతులవారితో దుబాసీ లేకుండ వారివారి భాషలలో మాట్లాడెడిదట. ఆమె వంశము గ్రీకుమాట్లాడు వంశము; మూడు వందల యేండ్లకు దగ్గరగా ఈజిప్టును ఏలుచున్నను, ఆమెకు ముందటి రాజులు ప్రజల భాషయైన ఐగుప్తీయమును నేర్చుకొనుటకు కష్టపడలేదని ప్లుటార్కు వ్రాసెను. నేర్చినది ఈమె. టేలరమ్మ మూడు వేషములు తక్కువ మార్చియైనను ఈ ఒక్క గుణమును తెరపై చూపియుండిన ఎంత బాగుండెడిది!

రోము కథలు ఇంగ్లీషుతెరకే పరిమితమనుకొనరాదు. 1958లో బిమల్ రాయ్ తీసిన 'యహూదీ' చిత్రమున దిలీప్ కుమార్ రోమను రాకుమారుడు. మీనాకుమారి యూదు యువతి. సోహ్రాబ్ మోదీ వృద్ధ యూదుడు. అందరును చక్కని ఉర్దూ పలుకుదురు. దానికి మూలము ఆగా హశ్ర్ కాశ్మీరీ నాటకము. మన తెలుగులో 1978లో ఎ. భీంసింగ్ దర్శకత్వమున 'కరుణామయుడు' వచ్చినది. విజయచందర్ క్రీస్తుగా నటించెను. మోదుకూరి జాన్సన్ రచించిన పాట యొకటి మతభేదము లేక ఊరూర మారుమ్రోగినది. యూదయ దేశపు జాలరులు, పరిసయ్యులు, రోమను సైనికులు అందరును తెలుగే మాట్లాడిరి. తరువాత ఆ చిత్రము హిందీ మొదలైన ఇతరభాషలలోనికి మారి దూరదూరముల పల్లెలలో తెరలు కట్టి చూపబడినది. తెలుగులో పలికిన రోముకాలపు కథ తక్కిన భాషలకు మాతృక యైనదన్నమాట.

ఇట్టి చిత్రమునకు తెలుగులో మాటలు వ్రాయువానికి ఇంగ్లీషువానికి లేని కష్టమొకటి కలదు. ఆనాటి లాటినులో ఎదుటి మనిషి యొక్కడైనచో, వాడు బానిస గాని చక్రవర్తి గాని, ఒక్కటే సర్వనామము, 'తూ'. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. సైనికుడు గవర్నరును 'మీరు' అనవలెనా, 'తమరు' అనవలెనా? గవర్నరు ఖైదీని 'నీవు' అనునా, 'నువ్వు' అనునా? ఖైదీ మారుపలుకునపుడు గవర్నరును 'నీవు' అనినచో అది ధిక్కారమా, లాటిను మర్యాదయా? నోరు తెరచుటతోడనే ఎవరు ఎవరికంటె ఎక్కువో తేల్చి చెప్పవలసిన భాష మనది. ఇది దాని బలమో బలహీనతయో పిల్లలే విచారించుకొందురు గాక.

ఇక నీరో చక్రవర్తి చిత్రము 'క్వో వాదిస్' సంగతి. 1951లో హాలివుడ్డువారు తీసిన దీనిలో పీటర్ ఉస్తినోవ్ నీరోగా నటించెను. చూచినవారందరు దీనిని ఇంగ్లీషు కథయే యనుకొందురు. ఇది పోలిష్ నవల! రచయిత హెన్రిక్ షెంకెవిచ్. 1895-96లో వార్సా పత్రికలో ధారావాహికగా వెలువడినది. ఆనాటికి భూపటమున పోలండు అను దేశమే లేదు. 1795 నుండి 1918 వరకు దానిని రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పంచుకొనియుండెను. వార్సాలో బడిచదువు రష్యనులో. ప్రష్యా భాగమున జర్మనులో. 1901లో వ్జెష్న్య అను చిన్న ఊరిలో పిల్లలు మతపాఠమునకు జర్మనులో జవాబు చెప్పమని మొండికెత్తిరి. వారిని బెత్తములతో కొట్టిరి. అడ్డుపడిన తల్లిదండ్రులను విచారించి చెరసాలకు పంపిరి. షెంకెవిచ్ ఆ పిల్లల పక్షమున గొంతెత్తెను. రాజ్యము లేని భాషలో ఆయన వ్రాసిన రోము కథ పెక్కు భాషలలోనికి పోయినది. 1905లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ నవలను పోలండువారు తమ భాషలో పూర్తి చలనచిత్రముగా చూచుకొన్నది 2001లో, యెర్జీ కవలెరోవిచ్ దర్శకత్వమున. అంతవరకు వారి నీరో ఇతరుల తెరలమీద ఇతరుల భాష మాట్లాడుచుండెను.

మన పిల్లలను ఎవరును కొట్టుటలేదు; అది మన భాగ్యము. కన్నడసోదరులు మనకు పరాయివారు కారు. నిజమునకు రోముకాలపు వినోదములలో మొట్టమొదట వినబడిన దక్షిణదేశపు పలుకు వారిదే కావచ్చును. ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనుచోట దొరకిన పాపిరస్ పత్రములలో రెండవ శతాబ్దమునాటి గ్రీకు ప్రహసన మొకటి కలదు, 1903లో అచ్చయినది. కారిటియాన్ అను గ్రీకు యువతి హిందూదేశపు తీరమున చిక్కుకొనును. ఆమె సోదరుడు వచ్చి, అచ్చటి రాజునకు మద్యము త్రాగించి, ఆమెను విడిపించుకొనిపోవును. ఆ రాజును అతని పరివారమును గ్రీకులోనే మాట్లాడరు. తమ భాషలోను మాట్లాడుదురు! హుల్ట్ష్ అను జర్మను పండితుడు 1904లో అది కన్నడమనెను. మైసూరులో కౌటిల్యుని అర్థశాస్త్రమును వెలికితీసిన ఆర్. శామశాస్త్రిగారును ఆ అభిప్రాయమునే బలపరచిరి. కాదన్న పండితులు, తుళు అన్న పండితులు కూడ కలరు, వివాదము తీరలేదు. ఏమైనను, రెండువేల యేండ్లనాటి ఆ నాటకకర్త, పరదేశీయునిచేత పరదేశీయుని మాటయే పలికింపవలెనని యత్నించెను. హాలివుడ్డువారికి తోచుటకు చాలకాలము పట్టిన సంగతి యిది.

రోము మనకు తెరమీదనే గాక నేలలోను దొరకును. చిత్రదుర్గము ప్రక్కనున్న చంద్రవల్లిలో మైసూరు పురాతత్త్వశాఖవారు 1929లోను, మార్టిమర్ వీలర్ 1947లోను త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల నాణెములతోపాటు అగస్టస్, తిబేరియస్ చక్రవర్తుల వెండి దెనారియసులు ఆ స్థలమున లభించినవి. బెన్-హర్ చిత్రమున మన పిల్లలు చూచిన ముసలి చక్రవర్తి ఆ తిబేరియసే. బాబథా బిడ్డకు నెలకు రెండిచ్చిన నాణెము ఆ దెనారియసే. శాతవాహనుల వెండి నాణెములపై ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు ఒక ద్రావిడభాష. ఇంత పాతది మన ప్రాంతములలో రెండు భాషల వ్యవహారము.

ఇవన్నియు చెప్పిన పిమ్మట తొమ్మిదవ తరగతికి ఒక అభ్యాస మిచ్చితిమి: చంద్రవల్లి సంతలో దెనారియసు పట్టుకొని వచ్చిన పరదేశికిని, మనవైపు వర్తకునికిని జరిగిన సంభాషణను ఒక పుటలో వ్రాయుడని. మొదట ప్రశ్న అడిగిన బాలిక వ్రాసినదానిలో వర్తకుడు పరదేశిని "మీరు, అయ్యా" అని పిలుచును. పరదేశి మాత్రము వర్తకుని, అతని ముసలితల్లిని, త్రోవన పోవు ఊరి పెద్దను కూడ "నువ్వు" అనును. అందరును కోపగింతురు. ముసలితల్లి మాత్రము, "పోనీలేరా, వాళ్ళ భాషలో ఆ ఒక్క మాటే ఉందేమో" అని కొడుకును సమాధానపరచును.

ఆ పుటను బాలిక తండ్రికి చూపితిమి. ఆయన నిలబడియే చదివెను; మధ్యలో ఒకచోట నవ్వెను. మరల మొదటినుండి చదివి, మడచి, జేబులో పెట్టుకొనెను. వచ్చే ఏటి సంగతి మేము అడుగలేదు, ఆయనయు ఎత్తలేదు. "ఆ కరుణామయుడు సినిమా ఎప్పుడు చూపిస్తారు సార్?" అని మాత్రము అడిగి వెళ్ళెను. కార్తికమాసములో మొదటి శనివారము సాయంకాలము చూపుదుము. పెద్దలందరును రావలెను.